‘ఖాళీ’ అన్న ఒక్క మాట
విమానాల అత్యవసర ఆమ్లజనిపై ఒక నివేదిక, ఒక వ్యాసం – విమర్శ

పాఠశాల ప్రయోగశాలలో ఆమ్లజనిని తయారుచేసే పద్ధతి విద్యార్థులందరికీ పరిచితమైనదే. గట్టి గాజు పరీక్షనాళికలో నాలుగు పాళ్లు పొటాసియం క్లోరేటు, ఒక పాలు మాంగనీసు డయాక్సైడు కలిపి వేడిచేస్తారు. వెలువడిన వాయువును నీటి మీదుగా జాడీలలో పడతారు. కొనలో నిప్పుకణిక మాత్రం మిగిలిన పుల్లను జాడీలోనికి దించగానే అది భగ్గున మండుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అనుభవం గల ఉపాధ్యాయుడు అప్పుడే ఇంకొక మాట కూడా చెబుతాడు. నాళికలో పొరపాటున బొగ్గుపొడిగాని, కాగితపు ముక్కగాని పడితే జరిగేది ప్రయోగం కాదు, పేలుడు.

ఈ ప్రయోగానికి దగ్గరి చుట్టమైన రసాయన చర్య ఒకటి, అనేక ప్రయాణికుల విమానాలలో, కూర్చున్నవారి తలలపై పలకల వెనుక, అక్కర కోసం కాచుకొని ఉన్నది. అక్కడ పొటాసియం క్లోరేటుకు బదులు సోడియం క్లోరేటు. గాజు నాళికకు బదులు ఉక్కు డబ్బా. పరీక్షనాళిక దగ్గర ఉపాధ్యాయుడు చేసే హెచ్చరిక, ఆ డబ్బాలను చేతపట్టిన పనివారికి చేరకపోవడంవల్ల 1996 మే 11వ తేదీన అమెరికాలో 110 మంది మరణించారు.

ఆ దుర్ఘటనను గురించి వెలువడిన రచనలలో రెండు ప్రత్యేకించి చదువదగినవి. మొదటిది అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1997 ఆగస్టులో ఆమోదించిన విచారణ నివేదిక. రెండవది విలియం లాంగవీషె ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రిక 1998 మార్చి సంచికలో ప్రకటించిన వ్యాసం. ఆయన రచయితే కాక విమాన చోదకుడు కూడా. రెండు రచనలూ ఒకే సంఘటనను చూచినవి. కాని ఒకటి తీర్పు చెప్పినది, మరొకటి నిట్టూర్చినది. ఏది ఎంతవరకు సమంజసమో తేల్చాలంటే ముందు ఆ డబ్బాలోని రసాయనశాస్త్రాన్ని తెలుసుకోవాలి.

ఎత్తున ఊపిరి

పైకి పోయినకొద్దీ గాలిలో ఆమ్లజని పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. విమానాలు ఎగిరే ఎత్తులలో కూడా గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లే. తగ్గేది గాలి పీడనం. 35,000 అడుగుల ఎత్తున పీడనం సముద్రమట్టాన ఉన్నదానిలో దాదాపు నాలుగవ వంతు మాత్రమే. ఊపిరితిత్తులలో ఆమ్లజని రక్తంలోనికి ప్రవేశించడానికి తగిన ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి లేనప్పుడు ఎంత గాలి పీల్చినా ప్రయోజనం స్వల్పం.

అందుకే విమానంలోనికి గాలిని ఒత్తి నింపి, లోపలి పీడనాన్ని ఆరు లేక ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉండే స్థితిలో నిలుపుతారు. ఏ కారణంచేతనైనా ఈ పీడనం పోతే, 35,000 అడుగుల ఎత్తున మనిషికి తెలివిగా పనిచేయగల వ్యవధి అర నిమిషం మొదలు ఒక నిమిషం వరకే. విమానం లోపలి పీడనం సుమారు 14,000 అడుగుల ఎత్తున ఉండే స్థితికి పడిపోగానే మాస్కులు వాటంతట అవే జారి పడతాయి. చోదకులు వెంటనే విమానాన్ని పదివేల అడుగుల దరిదాపులకు దించుతారు. అక్కడ మాస్కు అక్కరలేదు. కనుక ప్రయాణికులకు కావలసిన ఆమ్లజని గంటల తరబడి కాదు. పన్నెండు, పదిహేను నిమిషాలకు సరిపోతే చాలును.

ఈ స్వల్పకాలపు అవసరమే రసాయన డబ్బాలకు చోటు కల్పించినది. కొన్ని విమానాలలో పీడనంతో నింపిన సిలిండర్లు, వాటినుండి గొట్టాలు ఉంటాయి. అవి బరువు, కారిపోకుండా చూస్తూ ఉండాలి. రసాయన డబ్బా తేలిక. గొట్టాలతో పని లేదు. పదేళ్లకు పైగా కదలకుండా తన చోట ఉండి, పిలిచిన క్షణాన పలుకుతుంది. ప్రయాణికుల ప్రాణాలు నిలపడానికి ఇది తెలివైన ఏర్పాటనడంలో సందేహం లేదు. ఈ విమర్శ ఆ ఏర్పాటుపై కాదు. దానిని దాని చోటునుండి విప్పి తీసిన తరువాత ఏమైనదన్నదే ఇక్కడి ప్రశ్న.

డబ్బాలోని చర్య

డబ్బాలో ముఖ్యపదార్థం సోడియం క్లోరేటు. దానిని గట్టి ముద్దగా ఒత్తి ఉంచుతారు. తగినంత వేడి తగిలితే ఇది విడిపోయి రెండు వస్తువులను ఇస్తుంది: ఒకటి వంటింటి ఉప్పు, అనగా సోడియం క్లోరైడు; రెండవది ఆమ్లజని. నూరు గ్రాముల క్లోరేటులో 45 గ్రాములు ఆమ్లజనియే. అది వాయువుగా బయటికి వస్తే, సున్న డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సాధారణ పీడనంలో 31 లీటర్లకు పైగా ఆక్రమిస్తుంది. పిడికెడు తెల్లని పొడిలో అంత ప్రాణవాయువు ఇమిడి ఉండటం ఆశ్చర్యమే.

ఈ చర్యకు ఒక విశేషం ఉన్నది. విడిపోయేటప్పుడు సోడియం క్లోరేటు తానే వేడిని వదలుతుంది. కనుక ఒక చివర రగిలిస్తే ఆ వేడి పక్కపొరను విడదీస్తుంది, ఆ పొర వేడి తరువాతి పొరను. ఈ విధంగా కొవ్వొత్తి కరిగినట్లు చివరివరకు సాగిపోతుంది. దీనికి ‘క్లోరేటు కొవ్వొత్తి’ అన్న పేరు అందుకే వచ్చినది. 1996 ప్రమాదానికి కారణమైన డబ్బాలలో సోడియం క్లోరేటుతో పాటు నూటికి ఐదు పాళ్లకు లోపుగా బేరియం పెరాక్సైడు, ఒక పాలుకు లోపుగా పొటాసియం పెర్‌క్లోరేటు ఉన్నవి. చర్యలో కొద్దిగా పుట్టే విషవాయువైన క్లోరినును అణచడానికి బేరియం పెరాక్సైడు ఉపయోగపడుతుంది.

రగిలించే యంత్రం కూడా సులువైనదే. డబ్బా కొనలో తూటా అడుగున ఉండేటటువంటి చిన్న పేలుడు బిళ్ళ, దానిపై స్ప్రింగు బిగించిన సుత్తి, సుత్తిని ఆపిపట్టే ఒక పిన్ను, ఆ పిన్నుకు మాస్కునుండి వచ్చే దారం. ప్రయాణికుడు మాస్కును ముఖానికి లాక్కున్నప్పుడు దారం పిన్నును లాగుతుంది; సుత్తి బిళ్ళను కొడుతుంది; చర్య మొదలవుతుంది. ఒకసారి మొదలైనదా, దానిని ఆపడం ఎవరి తరమూ కాదు. పదిహేను నిమిషాలపాటు ఆమ్లజని వస్తూనే ఉంటుంది. ఆ కాలంలో డబ్బా పైభాగం 230 నుండి 260 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. విమానంలో అది ఉండే చోట చుట్టూ వేడిని ఆపే లోహపు కవచం ఉంటుంది గనుక ఏ కీడూ జరగదు.

అదే డబ్బాను కవచం లేకుండా అట్టపెట్టెలో ఉంచితే? కాగితం అంటుకొనే ఉష్ణోగ్రత దాదాపు అదే. పెట్టెలో వేడి ఉన్నది, కాలే వస్తువు ఉన్నది, రెండింటి నడుమ ధారగా శుద్ధమైన ఆమ్లజని వస్తున్నది. నిప్పుకు కావలసిన మూడూ ఒకే పెట్టెలో సమకూడినవి. ప్రయోగశాలలో నిప్పుకణికను భగ్గుమనిపించిన వాయువు ఇక్కడ అట్టపెట్టెను ఊరుకోనిస్తుందా?

ఐదు అట్టపెట్టెలు

వాల్యూజెట్ అనే విమాన సంస్థ పాత ఎం.డి.–80 జాతి విమానాలు మూడింటిని కొని, మరమ్మతులకై సేబర్‌టెక్ అనే గుత్తసంస్థకు అప్పగించినది. వాటిలోని ఆమ్లజని డబ్బాలకు తయారైననాటినుండి పన్నెండు సంవత్సరాలు గడువు. గడువు మించినవాటిని తీసి కొత్తవి పెట్టాలి. తీసినవానిలో చాలా భాగం ఎన్నడూ పనిచేయనివి. అనగా క్లోరేటు అంతా లోపలే ఉన్నది. ఖర్చుకాని డబ్బాల సుత్తి పడకుండా ప్లాస్టిక్ మూత తొడగాలని పనిచీటీలో స్పష్టంగా వ్రాసి ఉన్నది. మూతలు తొడగలేదు; తొడగడానికి అక్కడ మూతలు లేవు. అయినా తొడిగినట్లు పనిచీటీపై సంతకాలు పడినవి.

ఆ డబ్బాలు కొన్నాళ్లు అరలపై పడి ఉన్నవి. ఆ తరువాత వాటిని ఐదు అట్టపెట్టెలలో సర్ది, పైన బుడగల ప్లాస్టిక్ పరచి, వాల్యూజెట్ వారి అట్లాంటా కార్యాలయానికి పంపడానికి సిద్ధం చేశారు. మొత్తం 144 వరకు ఉండవచ్చునని అంచనా. డబ్బాలకు కట్టిన చీటీలు మరమ్మతుకు వీలైన వస్తువులకు కట్టే ఆకుపచ్చ చీటీలు. వాటిపై తీసివేతకు కారణంగా ‘గడువు మీరినది’ అన్న అర్థమిచ్చే మాటలున్నవి. సామాను పంపే గుమాస్తా ఆ మాటలకు డబ్బాలు ఖాళీ అని అర్థం చేసుకున్నాడు. రవాణా చీటీపై ‘ఆక్సీ డబ్బాలు’ అని, పక్కన ‘ఖాళీ’ అని చేర్చినారు. ఆ ఒక్క మాటకు కొటేషన్ గుర్తులు కూడా పెట్టినారు.

మే 11 మధ్యాహ్నం మయామీ నుండి అట్లాంటాకు బయలుదేరిన డి.సి.–9 విమానం ముందు సామాను గదిలో ఆ పెట్టెలను, వాటితోపాటు విమాన చక్రాల టైర్లను ఎక్కించినారు. 2 గంటల 4 నిమిషాల ప్రాంతంలో విమానం లేచినది. 2–10కి చోదకుల గది ధ్వనిగ్రాహకంలో ఒక వింత శబ్దం నమోదైనది. వేడికి ఒక టైరు పగిలిన శబ్దం అయి ఉండవచ్చునని తరువాత నిర్ణయించినారు. అక్కడినుండి నాలుగు నిమిషాలైనా గడవకముందే విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలో కూలిపోయినది. లోపలివారిలో ఒక్కరూ మిగలలేదు.

నివేదిక గుణం

ఇటువంటి ప్రమాదానికి నివేదిక వ్రాయడం తేలిక అనిపించవచ్చును. మూతలు పెట్టని పనివాడు, ‘ఖాళీ’ అన్న గుమాస్తా, పెట్టెలను స్వీకరించిన సిబ్బంది, వీరిపై నేరం మోపి ముగించవచ్చు. భద్రతా మండలి అలా చేయలేదు. అదే ఈ నివేదికకున్న ప్రధానమైన గుణం.

మండలి కారణాన్ని మూడు మెట్లుగా చెప్పినది. డబ్బాలను సరిగా సిద్ధపరచి, కట్టి, గుర్తించి పంపకపోవడం సేబర్‌టెక్ లోపం. గుత్తకిచ్చిన పనిని పర్యవేక్షించకపోవడం వాల్యూజెట్ లోపం. మూడవది, డి తరగతి సామాను గదులలో పొగను కనిపెట్టే సాధనాలు, మంటనార్పే సాధనాలు ఉండితీరాలని శాసించకపోవడం సమాఖ్య విమానయాన సంస్థ లోపం. ప్రభుత్వానికి చెందిన ఒక మండలి, ప్రభుత్వానికే చెందిన నియంత్రణ సంస్థను మరమ్మతు దుకాణంతో సమానంగా ముద్దాయిల వరుసలో నిలబెట్టినది. ఈ ధైర్యం అన్ని విచారణలలో కనబడేది కాదు.

మూడవ కారణం వెనుక ఉన్న శాస్త్రవిషయం గమనింపదగినది. డి తరగతి గది అంటే గాలి చొరబడకుండా బిగువుగా కట్టిన గది. అందులో మంట పుడితే, ఉన్న కొద్ది ఆమ్లజనిని తినివేసి, ఊపిరాడక తానే ఆరిపోతుందని నమ్మకం. అందుకే అక్కడ పొగను పసిగట్టే సాధనమూ లేదు, ఆర్పే సాధనమూ లేదు. కాగితం, గుడ్డలు వంటివానికి ఈ సూత్రం కొంతవరకు చెల్లవచ్చును. తన ఊపిరిని తానే తెచ్చుకొనే నిప్పుకు అది ఎట్లా చెల్లుతుంది? నిప్పును ఊపిరాడనీయకుండా చంపాలని కట్టిన గదిలోనికి, ఊపిరిని తయారుచేయడమే పనిగా గల డబ్బాలను ఎక్కించినారు. విచారణలో భాగంగా అటువంటి డబ్బాలతో, టైరుతో ప్రయోగాలు చేసినప్పుడు ఒకదానిలో ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల ఫారన్‌హీటును, అనగా సుమారు 1,100 డిగ్రీల సెంటీగ్రేడును దాటినది. విమానపు దేహంలో అధికభాగమైన అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే కరుగుతుంది.

మాటల దగ్గర తడబాటు

లాంగవీషె వ్యాసం నివేదిక కంటె ఒక విషయంలో లోతుగా చూచినది. అది మాటల విషయం. పనిచీటీ భాషలో రెండు ఆంగ్లపదాలున్నవి. ఒకటి గడువు మీరిన డబ్బాకు, రెండవది పనిచేసి ఖర్చయిన డబ్బాకు. చెవికి రెండూ దాదాపు ఒకటే మాదిరిగా వినబడతాయి. ఇంజనీరు దృష్టిలో వాని భేదం ఆకాశానికి, భూమికి ఉన్నంత. తొందరలో, రాత్రింబగళ్లు పనిచేస్తున్న దుకాణంలో, ఆ భేదాన్ని పట్టించుకోవడానికి తీరిక ఎవరికి? ఈ ఇబ్బందిని లాంగవీషె సానుభూతితో, కాని జాలి పేరిట నిజాన్ని దాచకుండా చూపినారు. చేయని పనికి సంతకం పెట్టే అలవాటును కూడా ఆయన ఎత్తిచూపినారు.

ఇది ఆంగ్లానికే పరిమితమైన చిక్కు అని తెలుగు పాఠకులు అనుకోనక్కరలేదు. తెలుగులో చిక్కు ఇంకా ఎక్కువ. ‘మందు గడువు అయిపోయింది’ అంటాము. ‘సీసాలో మందు అయిపోయింది’ అనీ అంటాము. మొదటి సీసా నిండుగా ఉన్నది, రెండవది ఖాళీ. రెండింటికీ క్రియ ఒక్కటే. ‘ఇది అయిపోయిందండీ’ అని ఒకరు చెప్పి సీసా చేతికిస్తే, వినేవానికి రెండింటిలో ఏది తోస్తుందో చెప్పలేము. ఇంటిలో అది చిన్న పొరపాటు. క్లోరేటు డబ్బా దగ్గర అది ప్రాణాపాయం. గడువు అన్నది మనుషులు కాగితంపై వ్రాసుకున్నది. పన్నెండేళ్లు నిండిన మరునాడు కూడా డబ్బాలోని క్లోరేటు క్లోరేటుగానే ఉంటుంది. రసాయన పదార్థం చీటీలను చదవదు.

ఈ విషయంలో నివేదికకు కొంత లోపం పట్టవలసి ఉన్నది. కారణాలను నిర్ణయించే వాక్యంలో మాటల చిక్కు అంతా ‘గుర్తించి పంపకపోవడం’ అన్న ముక్కలో ఇమిడి మరుగుపడినది. సిఫారసుల భాగం తెరచి చూస్తే మాత్రం మండలి ఆ చిక్కును చక్కగా గ్రహించినదని తెలుస్తుంది. గడువు మీరిన డబ్బాలను, వాటిని పనిచేయించి లోపలి క్లోరేటు పూర్తిగా ఖర్చుచేసిన పిమ్మట తప్ప రవాణా చేయరాదని మరమ్మతు గ్రంథాలలో వ్రాయాలని మండలి కోరినది. డబ్బాలపై ప్రమాదాన్ని స్పష్టంగా తెలిపే హెచ్చరికలు ఉండాలని కూడా కోరినది. పత్రికలవారు, సామాన్య పాఠకులు చదివేది కారణాల వాక్యాన్నే, సిఫారసులను కాదు. అత్యంత ఉపయోగకరమైన పాఠం నలుగురి కంటబడని పుటలలో ఉండిపోయినది.

అనివార్యమా?

లాంగవీషె వ్యాసంలో వాదభాగం చార్లెస్ పెరో సిద్ధాంతంపై ఆధారపడినది. పెరో సమాజశాస్త్రజ్ఞుడు. 1979లో త్రీమైల్ ఐలండు అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదంపై చేసిన పరిశీలననుండి పుట్టిన ఆయన గ్రంథం 1984లో వెలువడినది. భాగాలు ఒకదానితో ఒకటి చిక్కుముడులుగా పెనవేసుకొని, ఒకటి కదిలితే రెండవది తక్షణం కదిలే వ్యవస్థలలో, చిన్న చిన్న లోపాలు ఎవరూ ఊహించలేని విధంగా కలిసి పెద్ద ప్రమాదాలకు దారితీస్తాయని ఆయన సిద్ధాంతం. అటువంటి ప్రమాదాలు ఆ వ్యవస్థలకు సహజమనే అర్థంలో ఆయన వాటిని ‘సాధారణ ప్రమాదాలు’ అన్నారు. లాంగవీషె వాల్యూజెట్ ప్రమాదాన్ని ఈ కోవలో చేర్చినారు. కొత్త నియమాలు, కొత్త తనిఖీలు చేర్చినకొద్దీ వ్యవస్థ ఇంకా చిక్కుబడుతుందని, కనుక ఇటువంటివి పూర్తిగా తప్పవని ఆయన ముగింపు.

ఈ వాదంలో నిజం లేకపోలేదు. మూతలు పెట్టామన్న సంతకం ఉన్నది, మూతలు లేవు. ఇంకొక చీటీ, ఇంకొక సంతకం చేర్చినంతమాత్రాన మూత దానంతటది వచ్చి కూర్చోదు. కాగితంపై భద్రత పెరిగినకొద్దీ నిజమైన భద్రత పెరుగుతుందని నమ్మేవారికి ఈ వ్యాసం మంచి మందు.

కాని ‘ఎవరూ ఊహించలేనిది’ అన్న మాట ఈ ప్రమాదానికి తగదు. దీనికి చరిత్రే సాక్ష్యం. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా సంస్థ విమానంలో డి తరగతి సామాను గదిలో మంట పుట్టి 301 మంది మరణించారు. మంట దానంతటదే ఆరుతుందన్న నమ్మకం ఆనాడే దెబ్బతిన్నది. 1986 ఆగస్టు 10న షికాగోలో నేలపై నిలిచి ఉన్న డి.సి.–10 విమానం ఒకటి మంటలపాలైనది. కారణం సామానుగా ఉన్న ఇటువంటి ఆమ్లజని డబ్బా పనిచేయడమే. 1988 ఫిబ్రవరి 3న నాష్‌విల్‌కు వస్తున్న విమానంలో, డి తరగతి గదిలోనే, హైడ్రోజన్ పెరాక్సైడు తదితర రసాయనాలు కలిసి నిప్పు పుట్టించినవి. అదృష్టవశాత్తు విమానం క్షేమంగా దిగినది. ఆ తరువాత భద్రతా మండలి డి తరగతి గదులలో పొగను కనిపెట్టే, మంటనార్పే సాధనాలు పెట్టాలని కోరగా, ఖర్చుకు తగిన ఫలితం ఉండదని విమానయాన సంస్థ 1993లో నిరాకరించినది.

డబ్బా మంట పెట్టగలదని తెలుసు. గది మంటను ఆపలేదని తెలుసు. నివారణోపాయం తెలుసు, దాని వెల కూడా లెక్కకట్టి ఉన్నది. తెలియనిది ఏమున్నది? ఇక్కడ చిక్కుముడి ప్రకృతిలో లేదు, యంత్రంలోనూ లేదు. తెలిసినవారి మాట చేయవలసినవారికి చేరలేదు. చేరిన చోట లెక్క కుదరలేదు. దీనిని వ్యవస్థకు సహజమైన విధిగా వర్ణిస్తే, 1993నాటి నిర్ణయం కూడా ఆ పొగలో కనబడకుండా పోతుంది. నివేదిక పేరుపెట్టి చెప్పిన మూడవ కారణాన్ని వ్యాసం మెత్తబరచినది. ఇదే ఆ వ్యాసంలో అంగీకరింపరాని అంశం.

పెరో వాదంలోని హెచ్చరికను మన్నించే నివారణ కూడా ఒకటి ఉన్నది. అది ఇంకొక సంతకం కాదు. డబ్బాను విప్పిన వెంటనే, ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా, తగిన కవచంలో దానిని పనిచేయించి చల్లారనివ్వడమే. ఆ తరువాత డబ్బాలో మిగిలేది చాలావరకు ఉప్పు. బేరియం సమ్మేళనాల కారణంగా దానిని జాగ్రత్తగా పారవేయవలసి ఉన్నా, అది ఇక అగ్గి పెట్టలేదు. అప్పుడు గుమాస్తా చీటీని తప్పుగా చదివినా ప్రమాదం లేదు. ‘ఖాళీ’ అని వ్రాసినా అది నిజమే. అబద్ధమైన ఆ మాటను నిజం చేయడానికి ఒక్కొక్క డబ్బాకు పదిహేను నిమిషాలు చాలును.

తరువాత జరిగినది

ప్రమాదం జరిగిన నెలలోనే ఈ డబ్బాలను ప్రయాణికుల విమానాలలో సామానుగా పంపడాన్ని తాత్కాలికంగా నిషేధించి, ఆ సంవత్సరాంతానికి శాశ్వతం చేశారు. 1998 ఫిబ్రవరిలో విమానయాన సంస్థ డి తరగతి గదులను మార్చి, పొగను కనిపెట్టే, మంటనార్పే సాధనాలు అమర్చాలని శాసించి, మూడేళ్ల గడువు ఇచ్చినది. 1993లో గిట్టుబాటు కాదన్న పని 2001 నాటికి పూర్తయినది. అనివార్యవాదానికి ఇంతకంటె సూటియైన జవాబు ఉండదు.

న్యాయస్థానంలో కథ మరొక విధంగా ముగిసినది. 1999లో జ్యూరీ సేబర్‌టెక్ సంస్థపై పలు నేరాలను నిర్ధారించినది. 2001లో అప్పీలు కోర్టు వానిలో చాలావాటిని కొట్టివేసి, ప్రమాదకర వస్తువుల విషయంలో సిబ్బందికి తగిన శిక్షణ ఇవ్వకపోవడం అన్న ఒక్క నేరాన్ని నిలిపినది. న్యాయశాస్త్ర రీత్యా అది ఎట్లున్నా, ఆ ఒక్క నేరమే ఈ ఉదంతానికి సారం. చేతిలో ఉన్నది ఏమిటో పనివారికి ఎవరూ చెప్పలేదు.

క్లోరేటు, పెర్‌క్లోరేటు కొవ్వొత్తులు విమానాలకే పరిమితం కావు. 1997 ఫిబ్రవరి 23న ‘మీర్’ అంతరిక్ష కేంద్రంలో లిథియం పెర్‌క్లోరేటు కొవ్వొత్తి ఒకటి మంటలు చిమ్మినది. 2007 మార్చిలో బ్రిటిష్ జలాంతర్గామి ‘టైర్‌లెస్’లో ఆమ్లజని కొవ్వొత్తి పేలి ఇద్దరు నావికులు మరణించారు. ఊపిరినిచ్చే వస్తువు ఎక్కడున్నా, దాని పక్కన ఏమున్నదన్న ప్రశ్న వెన్నంటే ఉంటుంది. అయినా ఈ డబ్బాలను దూషించడం తగదు. 2005 ఆగస్టు 14న గ్రీసులో కూలిన హీలియోస్ విమానంలో పీడనం అందక మాస్కులు జారినవి. చోదకులు స్పృహ తప్పి విమానాన్ని దించలేకపోవడంతో ఆ పన్నెండు నిమిషాల ఆమ్లజని చాలక 121 మంది మరణించారు. ప్రాణవాయువు లేనిచోట మనిషి ఎంత నిస్సహాయుడో ఆ ఘటన చెబుతుంది.

నివేదిక, వ్యాసం రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివితేనే పూర్తి చిత్రం కనబడుతుంది. వ్యాసం మాటలలోని ప్రమాదాన్ని పట్టి చూపినది, కాని బాధ్యతను పలచన చేసినది. నివేదిక బాధ్యతను నిక్కచ్చిగా పంచినది, కాని మాటలలోని ప్రమాదాన్ని మొదటి పుటకు తేలేకపోయినది. శాస్త్రాన్ని తెలుగులో చెప్పబూనేవారికి ఈ రెండింటినుండి తీసుకోవలసిన పాఠం ఒక్కటే. గడువు తీరినదానిని ‘గడువు తీరినది’ అనీ, ఖర్చయినదానిని ‘ఖర్చయినది’ అనీ వేరువేరుగా చెప్పాలి. రెండింటినీ కలిపి ‘అయిపోయింది’ అనరాదు. పరిభాష పండితుల వినోదం కాదు. మయామీ విమానాశ్రయంలో ఆ భేదం తెలిసిన మనిషి ఆ పెట్టెల దగ్గర ఒక్కరుంటే, అవి విమానమెక్కేవి కావు.